బావగారి చెయ్యి

విశ్వేశ్వరరావుకి ఈ లోకంలో నచ్చిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ రోజూ పొద్దున స్నానాల గది అద్దంలో కనిపిస్తాడు. మిగతావాళ్ళంతా ఆయన దృష్టిలో ఏదో ఒక రకం చవటలు. ఆఫీసులో కింద పనిచేసేవాళ్ళు పని రాని చవటలు, పైన కూర్చున్నవాళ్ళు అదృష్టం కలిసొచ్చిన చవటలు. రైల్లో తలుపుకి అడ్డం నిలబడేవాళ్ళు, ఫుడ్ కోర్టులో టేబుల్ మీద టిష్యూ పొట్లం పడేసి, ఆ చోటు తమదేనని 'చోప్' చేసి పోయేవాళ్ళు, అందరూ ఆ బాపతే. కాకినాడలో ఇంజనీరింగు చదివి, సముద్రం దాటొచ్చి రాఫెల్స్ ప్లేసులో మబ్బుల్లోకి లేచిన మేడలో కుర్చీ సంపాదించినవాడికి కిందున్న జనం చీమల్లా కనబడితే అందులో వింతేముంది గనక!

అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున, ఆ అద్దం ముందే, బనీను కిందికి లాక్కుంటుంటే ఎడమ చనుమొన కింద ఏదో గట్టిగా తగిలింది. నానబెట్టని శనగగింజంత ఉంది. నొప్పి లేదు. వేలితో పక్కకి తోస్తే కదల్లేదు. లాప్‌టాప్ సంచి పట్టీ ఒరుసుకుని కాయ కాసిందనుకున్నాడు. ఆ సంచి తాను కుడి భుజానికి వేసుకుంటాడన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. వచ్చినా ఒప్పుకునే రకం కాదు.

విచిత్రమేమిటంటే, యూ టీ పేటలో రైలు చప్పుడు వినబడేంత దగ్గరలో ఉన్న ఆయన ఫ్లాట్లోనే, సరిగ్గా అలాంటి గడ్డల కోసం బతుకంతా ధారపోస్తున్న మనిషి ఒకతె ఉంది. ఆమె నందిత. విశ్వేశ్వరరావు భార్య అరుంధతికి స్వయానా చెల్లెలు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తుంది. ఒంటరిగా ఉంటున్న అద్దె ఇల్లు యజమాని అమ్మేసుకుంటే, కొత్తది దొరికేదాకా అక్కాబావల ఇంట్లో దిగింది.

ఆమె పనేమిటంటే, రొమ్ములో గడ్డని చేత్తో వెతికేటప్పుడు చెయ్యి ఎక్కడ తప్పుతోందో కనిపెట్టి సరిదిద్దడం. నర్సులు గానీ, పేరున్న డాక్టర్లు గానీ, ఎవరికి వాళ్ళు చూసుకునే ఆడవాళ్ళు గానీ, పైపైన నిమిరేసి 'ఏం లేదు' అంటుంటారు. చర్మం కిందదొక లోతు, నడిమిదొక లోతు, పక్కటెముకని ఆనుకున్నది ఇంకో లోతు. ఒక్కోదానికి ఒక్కో బరువుతో వేళ్ళు ఆనించి, దుక్కి దున్నేవాడు సాలు వదలకుండా పోయినట్టు పైనుంచి కిందికీ కిందనుంచి పైకీ వెతకాలి. ఇది నేర్పడానికి నందిత సిలికాన్ రబ్బరుతో రొమ్ము బొమ్మలు పోయించింది. వాటి లోపల రకరకాల గడ్డలు దాచింది. అడుగున ఒత్తిడిని పట్టే పలకలు అమర్చింది. బొమ్మ మీద వేలు పెడితే ఎంత లోతుకి దిగిందో తెరమీద రంగుల్లో కనబడుతుంది. పసుపంటే పైన, నారింజంటే మధ్య, ఎరుపంటే అడుగు. చాలామంది చేతులు పసుపు దాటవు.

ఆ బొమ్మల పెట్టె ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియక బాంబ్ షెల్టర్లో పెట్టారు. ఈ ఊళ్ళో కొత్త ఫ్లాట్లన్నిటికీ యుద్ధమొస్తే తలదాచుకోమని ఇనప తలుపుతో చిన్న గది కట్టిస్తారు. యుద్ధం వచ్చేదాకా ఊరికే ఉంచుకోవడమెందుకని జనం అందులో బియ్యం బస్తాలు పెట్టుకుంటారు. అరుంధతి ఆవకాయ జాడీల పక్కన నందిత పెట్టె చేరింది.

ఇక విశ్వేశ్వరరావు నోటికి పండగే. బావ మరదల్ని ఏమన్నా చెల్లుతుందని మనవాళ్ళలో ఎవడు రాసిచ్చాడో గానీ ఆ హక్కుని ఆయన చిల్లిగవ్వ వదలకుండా వాడుకునేవాడు. ఎదటివాడు నొచ్చుకుంటే 'సరసానికన్నాను' అని చేతులు దులుపుకోవచ్చు. పిరికివాడికి అంతకన్నా వాటమైన ఆయుధం లేదు.

ఒక ఆదివారం సుధాకరరావు టిఫినుకి వచ్చాడు. ఆయన బ్యాంకు ఉద్యోగి, పక్క బ్లాకులో ఉంటాడు, విశ్వేశ్వరరావు ఏమన్నా ముందుగా నవ్వే మనిషి.

"మా మరదలు ఏం చదివిందో తెలుసా సుధాకరరావుగారూ? పిసుకుడులో పీహెచ్‌డీ అండి."

సుధాకరరావుకి పెసరట్టు పొలమారింది.

"మా అమ్మ నలభై ఏళ్ళు పూరీల పిండి పిసికింది. ఆవిడకి ఏ యూనివర్సిటీవాడూ స్కాలర్‌షిప్పు ఇవ్వలేదండి, పాపం!"

"మీ అమ్మగారికి పిండిలో ఉండ కడితే తెలిసేది బావా," అంది నందిత, చట్నీ వడ్డిస్తూ. "మీకు అట్టులో అల్లం ముక్క వచ్చినా తెలీదు. నమలకుండా మింగుతారు."

"నాన్నా, స్టాప్ లా. నాట్ ఫన్నీ," అని కూతురు నిఖిల పళ్ళెం తీసుకుని గదిలోకి పోయింది. అరుంధతి మాత్రం పెనం దగ్గరనుంచి కదల్లేదు. ఇలాంటప్పుడు పెనం దగ్గర ఉండటమే మేలని ఆవిడకి పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది.

సుధాకరరావు నీళ్ళు తాగి తేరుకున్నాడు. "అది కాదమ్మా, మామోగ్రాములూ స్కానింగులూ ఉండగా ఇంకా ఈ చేత్తో చూడటమేమిటి?"

"మిషను ఎప్పుడో ఒకసారి చూస్తుందండీ, అదీ దాని దగ్గరకి వెళ్ళినవాళ్ళని. చెయ్యి ఎప్పుడూ మనతోనే ఉంటుంది. చెయ్యి మిషనుకి పోటీ కాదు. అది జబ్బని గానీ కాదని గానీ తీర్పు చెప్పదు. వెళ్ళి చూపించుకో అంటుందంతే. ఆ కాస్త పనైనా సరిగ్గా చెయ్యాలిగా. మెత్తగా జారే గడ్డలుంటాయి, రాయిలా పాతుకుపోయినవుంటాయి. ఏది తగిలినా చూపించుకోవాల్సిందే."

"పోన్లెండి, మనం మగాళ్ళం, బతికిపోయాం," అన్నాడు సుధాకరరావు.

"మగవాళ్ళకీ వస్తుందండీ. తక్కువమందికి. చనుమొన కిందే వస్తుంది చాలావరకు. సిగ్గుపడి దాచుకుంటారు గనక ముదిరాక బయటపడుతుంది."

విశ్వేశ్వరరావు నోట్లో ముద్ద ఆగిపోయింది. మరుక్షణంలో అందరికన్నా పెద్దగా నవ్వాడు. "మగాడికి రొమ్ము క్యాన్సరట! రేపు పురిటి నొప్పులు కూడా తెప్పిస్తావా ఏంటి మరదలా!"

సుధాకరరావుకి మళ్ళీ పొలమారింది. ఆ నవ్వుల్లో విశ్వేశ్వరరావు కుడిచెయ్యి పళ్ళెంలోనే ఉంది గానీ ఎడమచెయ్యి చొక్కా జేబుమీదికి పోయి, దొంగలా వెనక్కి వచ్చింది.

తరవాతి శనివారం అక్కాచెల్లెళ్ళు కూరలకి టెక్కా మార్కెట్టుకీ, నిఖిల ట్యూషన్‌కీ పోయాక ఆయన బాంబ్ షెల్టర్లో దూరి ఇనప తలుపు వేసుకున్నాడు. యుద్ధమేమీ రాలేదు. కాకినాడ ఇంజనీరు బియ్యం బస్తా మీద కూర్చుని, ఒళ్ళో రబ్బరు రొమ్ము పెట్టుకుని, ఒక చెయ్యి దానిమీదా ఒక చెయ్యి తన బనీనులోనూ వేసి తడుముకుంటున్నాడు. ఆ అవతారం చూడ్డానికి సుధాకరరావు లేకపోయాడు.

మొదట ఏమీ తగల్లేదు. మరదలు దొంగ బొమ్మలు చేయించిందని సంతోషించాడు. పెట్టెలో ఎలా చెయ్యాలో బొమ్మలు గీసిన అట్ట ఉంది. దాని ప్రకారం మూడు వేళ్ళ మెత్తలు ఆనించి, చిన్నచిన్న సున్నాలు చుడుతూ కొంచెం కొంచెం లోపలికి దించాడు. అప్పుడు తగిలింది. ద్రాక్షపండులా వేళ్ళ కింద జారింది. ఇంకాస్త పక్కకి జరిగి అడుగుదాకా నొక్కితే ఇంకొకటి తగిలింది. అది గట్టిగా ఉంది. జారలేదు. నిప్పు తాకినట్టు చెయ్యి తీసేశాడు. ఆ రెండోది ఆయన వేళ్ళకి బాగా ఎరుక. పొద్దుటేగా చూసుకున్నాడు.

అయినా సరే, తనది మొదటి రకమేనని తీర్మానం చేసుకుని బయటికొచ్చాడు. చదువుకున్నవాడిలో ఉన్న సుఖమే అది. ఏ అబద్ధానికైనా నాలుగు కారణాలు చూపించి తనని తానే ఒప్పించుకోగలడు.

తీర్మానం కుదిరితే మళ్ళీ షెల్టర్లోకి ఎందుకు పోవాలి? ప్రతి శనివారం పోయాడు. తనది జారుతోందని వేళ్ళచేత చెప్పించాలని ఆయన పట్టుదల. వేళ్ళు చెప్పలేదు. కానీ ఆ తడుములాటలో అవి పని నేర్చేసుకున్నాయి.

ఒకరోజు ధైర్యం చేసి డాక్టరు దగ్గరికి పోయాడు. యూ టీలో అయితే తెలిసినవాళ్ళు తగుల్తారని జురాంగ్ ఈస్ట్‌లో ఒక చిన్న క్లినిక్ చూసుకున్నాడు. అక్కడున్నది కుర్ర చైనీస్ డాక్టరు, కొడుకు వయసు వాడు. చొక్కా విప్పించి నెమ్మదిగా చూశాడు, చంకలో కూడా చూశాడు. చేతులు కడుక్కుని కూర్చుని అన్నాడు.

"బ్రెస్ట్ క్లినిక్‌కి రాసిస్తాను అంకుల్. వెంటనే వెళ్ళండి. స్కాన్ చేస్తారు."

"ఐయామ్ ఎ మేన్."

"మెన్ ఆల్సో గాట్, అంకుల్."

విశ్వేశ్వరరావు చొక్కా గుండీలు పైకొకటి కిందకొకటి పెట్టేసుకుని, ఆలోచించి చెప్తానని లేచొచ్చేశాడు. కింద ఫుడ్ కోర్టులో టీ తాగుతూ ఆ డాక్టర్ని మనసులో కడిగి ఆరేశాడు. కుర్రకుంక. మీసం రాలేదు, క్లినిక్ పెట్టాడు. పేరులోనే ఆడవాళ్ళ ఒళ్ళు పెట్టుకున్న ఆస్పత్రిలో, ఆడవాళ్ళ మధ్య, చేతిలో నంబరు చీటీ పట్టుకుని తను కూర్చోవాలట! ఎవడైనా చూస్తే? చూసినవాడు సంఘంలో చెప్తే? ఆయనకి వచ్చిన ఆలోచనలన్నీ ఆ చుట్టుపక్కలే తిరిగాయి. చచ్చిపోతానేమోనన్న ఆలోచన కూడా వచ్చింది గానీ, దానికి కుర్చీ దొరక్క గుమ్మంలో నిలబడింది.

గింజ పెరిగింది. ఎడమ చనుమొన లోపలికి లాక్కుపోయి, అలిగిన పిల్లాడి మూతిలా తయారైంది. అప్పట్నించీ అద్దం ముందు బనీను విప్పడం మానేశాడు. ఈ ఉక్కలో కూడా నిద్రకి నిండుచేతుల చొక్కా వేసుకోవడం మొదలెట్టాడు. ఏమండీ జ్వరమా అని అరుంధతి అడిగితే, ఏసీ పడటం లేదని ఆవిడ మీదే కసిరాడు.

అంతలో మహిళా దినోత్సవం వచ్చింది. చుట్టుపక్కల బ్లాకుల తెలుగువాళ్ళంతా కలిసి పెట్టుకున్న మిత్రమండలికి విశ్వేశ్వరరావు కార్యదర్శి. ఆడవాళ్ళంతా పట్టుబట్టి నందిత చేత చెప్పించాలన్నారు. కాదంటే ఎందుకని అడుగుతారు. అందుకని సరేనని, ప్రకటనలో 'రొమ్ము' అన్న మాట కొట్టేసి 'మహిళల సంపూర్ణ ఆరోగ్యం' అని వేయించాడు. బొమ్మల మీద పట్టు కండువాలు కప్పించాడు. సంస్కారం ముఖ్యమన్నాడు. బ్లాకు కింద గోడల్లేకుండా ఖాళీగా వదిలేసిన వాయిడ్ డెక్‌లో కుర్చీలు వేశారు. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక, అరటికాయ బజ్జీల పళ్ళేల దగ్గర.

నందిత వచ్చీ రాగానే కండువాలు లాగి కుర్చీమీద పడేసింది. "బట్టమీంచి తడిమితే బట్టే తగుల్తుంది," అంది.

విశ్వేశ్వరరావు మైకు అందుకున్నాడు. "సోదరీమణులారా, ఇప్పుడు మా మరదలు మాట్లాడుతుంది. సబ్జెక్టు మెత్తనిది, మరదలు గట్టిది. ఆవిడ వేళ్ళకి చిక్కితే ఎవరికైనా ఏదో ఒకటి కనిపెట్టకుండా వదలదు. మగాళ్ళు జాగ్రత్త, దూరంగా ఉండండి!"

వెనక బజ్జీల దగ్గర ఈలలు పడ్డాయి. ముందు వరసలో కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"మా బావకి అన్నీ తెలుసు," అంది నందిత రెండో మైకులో. "మరి చెయ్యి ఎంతవరకు తెలిసిందో చూద్దామా? రండి బావా. బోణీ మీదే."

చప్పట్లు మోగాయి. "వెళ్ళండి సెక్రటరీగారూ, పరువు నిలబెట్టండి!" అని సుధాకరరావు అరిచాడు. బావ అన్నది మరదలు పడాలి, మరదలు అన్నది బావ పడాలి. పదిమందిలో మరదలు పిలిస్తే రానన్న బావ మగాడు కాదు.

వెళ్ళాడు. నవ్వించి బయటపడదామనుకున్నాడు. చేతులు మడిచి, పిండి కలిపేవాడిలా వేళ్ళు ఆడించి, కళ్ళు తిప్పాడు. జనం నవ్వారు. చెయ్యి రబ్బరు మీద పెట్టాడు.

చెయ్యి ఆయన మాట వినలేదు. సరాసరి చనుమొన కిందికి పోయింది. మూడు వేళ్ళ మెత్తలు ఆనాయి. చిన్న సున్నా చుట్టాయి. పెద్ద తెరమీద పసుపు వచ్చింది, తరవాత నారింజ వచ్చింది, తరవాత ఎరుపు దిగింది. ఒకదాని వెనక ఒకటి, నందిత పాఠంలో చూపించే బొమ్మకి అచ్చు దిగినట్టు.

"అబ్బో!" అంది ఎవరో పెద్దావిడ.

అప్పుడు తెలివొచ్చింది విశ్వేశ్వరరావుకి. చెయ్యి ఆపాడు. ఆపేసరికి రెండో చెయ్యి తన జేబుమీద ఉంది. తలెత్తి చూస్తే నందిత తెరకేసి చూడటం లేదు, ఆ జేబుమీది చేతికేసి చూస్తోంది. ఆవిడ ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో.

"చాలు బావా," అంది. "ఫస్టు క్లాసు. వెళ్ళి బజ్జీలు తినండి."

ఆయన బజ్జీలు తినలేదు. సభ సగంలో ఉండగా టపా డబ్బాల వెనక్కి పోయి ఫోను చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు. ఆడవాళ్ళని బొమ్మల దగ్గర వదిలి నందిత అక్కడికే వచ్చింది.

"ఎన్నాళ్ళయింది బావా?"

"ఏది?"

"బొమ్మని కొత్తగా పట్టుకున్నవాళ్ళు అంచుల్లోంచి మొదలెడతారు. నడిమికి రావడానికి సిగ్గు. మీరు తిన్నగా నడిమికే పోయారు. ఒంట్లో గడ్డ తగిలినవాళ్ళ చెయ్యి అలా పోతుంది, ఎక్కడ తగిలిందో అక్కడికి. ఎన్ని చేతులు చూశాను నేను! బొమ్మ అంటుకోకుండా పౌడరు జల్లి పెడితే, వచ్చేసరికి తుడుచుకుపోయి ఉంటోంది. అక్క నేర్చుకుంటోంది గాబోలని మురిసిపోయాను."

"నీకు పిచ్చి గానీ పట్టిందా?"

"చూపించుకున్నారా ఎక్కడైనా?"

"మొగుణ్ణి వదిలేసి వచ్చినదానివి, నీకు మగాళ్ళ ఛాతీలమీద ధ్యాస ఉండటంలో తప్పు లేదులే."

ఇది సరసం కాదు. అన్నవాడికీ తెలుసు. విన్న నందితకీ తెలుసు.

"అయిపోయిందా? రేపు క్లినిక్‌కి వస్తారా, రారా?"

"రాను."

"సరే. మైకు ఆన్‌లోనే ఉంది." ఆమె వెనక్కి తిరిగింది.

"ఏం చేస్తావేంటి?"

"సరసం ఆడతాను. మరదల్నిగా, నాకూ హక్కుంది. మా బావ బాంబ్ షెల్టర్లో తలుపేసుకుని ఏం చేస్తాడో, ఎందుకు చేస్తాడో చెప్తాను. సుధాకరరావుగారు బాగా నవ్వుతారు."

విశ్వేశ్వరరావు బజ్జీల వైపు చూశాడు. సుధాకరరావు నోటినిండా పెట్టుకుని అప్పుడే దేనికో నవ్వుతున్నాడు. మనిషన్నవాడికి ప్రాణభయం ఉండాలి. ఈయనకి దానికన్నా పెద్ద భయం ఒకటుంది. చావు ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఎగతాళి ప్రతి ఆదివారం టిఫినుకి వస్తుంది.

"వస్తాను," అన్నాడు పళ్ళు బిగించి. "మీ అక్కకి చెప్పకు."

"ఇవాళ చెప్పను. తేలాక మీరే చెప్పాలి."

బ్రెస్ట్ క్లినిక్ ఆయన భయపడ్డట్టే ఉంది. ఎటు చూసినా ఆడవాళ్ళే. నందిత కౌంటరు దగ్గరకి పోతే, ఈయన మూల కుర్చీలో న్యూస్‌పేపరు చాటున కూర్చున్నాడు. ఫోనులో ఆఫీసువాడెవడితోనో తెలుగులో కసిరి పెట్టేసేసరికి పక్కనున్న పెద్దావిడ ఇటు తిరిగింది. జొహోర్ నుంచి ఏనాడో వచ్చి స్థిరపడ్డ మలేషియా తెలుగావిడ. పేరు చిన్నమ్మట, అడక్కుండానే చెప్పింది.

"తెలుగోళ్ళా బాబూ! ఇంటామె లోపలుందా?"

"ఆఁ."

"భయపడకయ్యా. నన్ను చూడు, కోసి ఆరేళ్ళయింది, ఇంకా కొబ్బరిపాలు పోసి నాసి లెమాక్ వండుతా ఉండా. నువ్వు మంచోడివి, పక్కన కూచున్నావు. మా ఆయన గేటుకాడ దింపి ఎల్లిపోయాడు. మకాన్ అయిందా, ఏమన్నా తిన్నావా? బిస్కట్ తిను."

ఆయన బిస్కట్ తీసుకున్నాడు. భార్యకి లేని జబ్బుకి వచ్చిన జాలి కూడా తీసుకున్నాడు. అది కొరుకుతుండగా నర్సు తలుపు తీసి గట్టిగా పిలిచింది. "మిస్టర్ విస్వే... విస్వేస్... మిస్టర్ రావ్!"

ఆయన లేవలేదు. నర్సు మళ్ళీ పిలిచింది. గదంతా కలయజూసి, అక్కడ మగవాడు ఒక్కడే గనక, ఆయన ముందుకొచ్చి నిలబడింది.

చిన్నమ్మ ఆయన్నీ నర్సునీ చూసింది. "అయ్యో, నువ్వా?" అంది. నవ్వలేదు. గదిలో ఎవ్వరూ నవ్వలేదు. ఎవరి నంబరు వాళ్ళు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ ఆయన ప్రాణం మీదికి తెచ్చుకున్నది ఆ నవ్వు కోసం. తీరా అది రాకపోయేసరికి, తనని మనిషిగా లెక్కచెయ్యలేదేమోనని లోపలికి పోతూ చిన్నబుచ్చుకున్నాడు కూడా. అదీ ఆయన తత్వం.

మిషనులో నొక్కారు. సూదితో ముక్క తీశారు. వారంలో తేలింది. క్యాన్సరే. సర్జను, నడివయసు చైనీస్ ఆవిడ, తిన్నగా చెప్పింది. ఎడమవైపు మొత్తం తీసెయ్యాలి, చంకలో గ్రంథులు కొన్ని తియ్యాలి, తరవాత మందులుంటాయి. ఇప్పుడే వచ్చారు గనక నయమయ్యే అవకాశం బాగుంది, ఇంకొన్ని నెలలు ఆగితే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు అంది. అని, కాగితాలు తిప్పుతూ అడిగింది.

"ముదరకముందే పట్టుకున్నారు. ఎవరు కనిపెట్టారు?"

"నేనే," అన్నాడు విశ్వేశ్వరరావు.

"వెరీ గుడ్. మగవాళ్ళు ఇంత జాగ్రత్తగా ఉండరు."

ఆయన భుజాలు కాస్త పైకి లేచాయి. పక్క కుర్చీలో నందిత ఉంది. ఆపరేషన్ ఏ రోజని అడిగింది.

అరుంధతికి ఆ సాయంత్రం చెప్పాడు. ఆవిడ పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది. ఏడవలేదు.

"చొక్కా వేసుకుని పడుకుంటే నామీద కోపమనుకున్నానండీ," అంది.

"బయట ఎవరికీ చెప్పకు. గుండె ఆపరేషన్ అని చెబుదాం. అదీ ఎడమవైపే."

"మీకు గుండె ఉందంటే ఎవరు నమ్ముతారండీ?"

ఇన్నేళ్ళలో ఆవిడ అన్న ఎదురుమాట అదొక్కటే. కానీ ఆవిడ అంచనా తప్పింది. అందరూ నమ్మారు. ఆపరేషనయ్యాక సుధాకరరావు బొప్పాయి పళ్ళతో వచ్చి, ఆఫీసు టెన్షన్లండీ, మీలాంటి బాధ్యతగల మనుషులకే గుండె దెబ్బతింటుంది అని కళ్ళు తుడుచుకున్నాడు. విశ్వేశ్వరరావు తలగడకి ఆనుకుని, కట్టు మీద దుప్పటి లాక్కుని, బాధ్యతగల మనిషిలా మూలిగాడు.

గాయం మానాక సర్జను ఒక షరతు పెట్టింది. నెలనెలా ఆ మచ్చ చుట్టూ, కుడివైపూ చేత్తో చూసుకోవాలి. సరిగ్గా ఎలా చూడాలో నేర్చుకోవాలి. నేర్పేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు.

నందిత భోజనాల బల్లమీద బొమ్మ పెట్టి, పౌడరు జల్లి, తెర వెలిగించింది. విశ్వేశ్వరరావు మెడదాకా గుండీలు పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"చెయ్యి పెట్టండి బావా."

పెట్టాడు. వెలిసిపోయిన పసుపు వచ్చింది.

"మరీ పైపైన. భయపడుతున్నారు."

"నాకు భయమేంటి!"

"మరైతే నొక్కండి."

నొక్కాడు. పసుపు చిక్కబడింది గానీ నారింజ రాలేదు. సభలో ఎరుపుదాకా దిగిన చెయ్యి ఇప్పుడు పైనే ఆగిపోయింది. అప్పుడు వెతికింది తెలిసినదాన్నే. ఇప్పుడు కొత్తది దొరుకుతుందేమోనని భయం.

"మగవాళ్ళకోసం కూడా ఒకరోజు వాయిడ్ డెక్‌లో క్లాసు పెడదామనుకుంటున్నాను," అంది నందిత తెర చూస్తూనే. "మీరు ఒక్క మాట చెబితే పదిమంది వస్తారు."

"చచ్చినా చెప్పను."

"చావడానికి సిద్ధపడే దాచారుగా. తెలిసిన సంగతే. మళ్ళీ నొక్కండి."

ఆయనకి ఒళ్ళు మండింది. బొమ్మని రెండు చేతులా పట్టుకుని పరుపు దులిపినట్టు ఊపాడు.

"ఏం నొక్కమంటావే దీన్ని? ఇది మగాడి ఛాతీయా? ఇంత మెత్త మగాడికి ఎక్కడుంటుంది? చర్మం, దానికింద ఇంత కండ, వెంటనే ఎముక. నీ మూడు లోతులు ఎక్కడ ఇముడుతాయి అక్కడ? ఈ దూది మూటమీద నేర్చుకున్నవాడు తన ఒంటిమీద చెయ్యి వేసుకుంటే ఎముకే గడ్డనుకుని హడలి చస్తాడు. ఇన్నేళ్ళు వెలగబెట్టిన పరిశోధన ఇదీ!"

నందిత తెరమీంచి కళ్ళు తిప్పి మొదటిసారి ఆయన్ని చూసింది. "మరి ఎంత మందం ఉండాలి?"

"చెబితే నీకు అర్థమవుతుందా?"

"గట్టిదనం? కుడివైపు ఎలా ఉంటుంది, మచ్చ దగ్గర ఎలా ఉంటుంది? రెండు రకాలు పోయించాలా?"

"రెండు రకాలట, రెండు రకాలు! పుస్తకాల్లో చదివేవాళ్ళకి ఏం తెలుస్తుంది! అరుంధతీ, ఆ కిటికీ తెర వెయ్యి." ఆయన విసురుగా మెడ దగ్గర గుండీ పీకాడు. తరవాతది పీకాడు. చివరిదాకా పీకేసి చొక్కా రెండువైపులా తెరిచాడు. ఎడమవైపు ఎర్రగా, బల్లపరుపుగా, అడ్డంగా కుట్ల గీత ఉంది. "ఇదిగో, ఇది. కళ్ళు పెట్టి చూడు. చూసి చావు. ఆ మెత్త పక్కన పడేసి, చెయ్యి ఇటియ్యి."